ఒక కేబుల్ తెగినా బెల్టు ఆగకుండా: ప్రొఫినెట్ రింగ్‌ను ఎలా అమర్చాలి, ఎలా పరీక్షించాలి

సిమెంటు కర్మాగారంలో సున్నపురాయి క్రషర్ నుంచి నిల్వ యార్డు దాకా సాగే కన్వేయర్ బెల్టుల వరుసను తీసుకుందాం. మేళ్లచెరువు వైపో, ఎర్రగుంట్ల వైపో వెళ్లినవారికి ఈ దృశ్యం కొత్త కాదు. క్రషర్ దగ్గర ఒక ప్యానెల్, రాయి ఒక బెల్టు నుంచి మరో బెల్టుకు మారే రెండు టవర్లలో ఒక్కొక్కటి, రాయిని కుప్ప పోసే స్టాకర్‌కు ఒకటి, కుప్ప నుంచి తీసే రీక్లెయిమర్‌కు ఒకటి, కంట్రోల్ రూములో వీటన్నిటినీ నడిపే కంప్యూటర్ అయిన పీఎల్‌సీ. మొత్తం ఆరు చోట్లు.

ఈ ఆరింటినీ ఒకే వరుసలో కలిపితే, మధ్యలో ఎక్కడ కేబుల్ తెగినా అవతలి వైపు ఉన్నదేదీ పీఎల్‌సీకి కనపడదు. ఆ వైపు అవుట్‌పుట్‌లు సురక్షిత స్థితికి వెళ్తాయి, మోటార్లు ఆగుతాయి, బెల్టు రాయి బరువుతో నిలిచిపోతుంది. రాయి జారే షూట్‌లో ఇరుక్కున్న రాళ్లను ఎండలో గడ్డపారలతో తొలగించేది మనలాంటి ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్లం కాదు, ఆ షిఫ్టు కార్మికులు. అందుకే ఈ పనిని నేను చాలా గట్టిగా పట్టించుకుంటాను.

పరిష్కారం పైకి తేలికగా కనిపిస్తుంది. చివరి ప్యానెల్ నుంచి కంట్రోల్ రూముకు ఇంకో కేబుల్ వేస్తే వరుస కాస్తా వలయం అవుతుంది, ఒక వైపు తెగితే రెండో వైపు నుంచి సమాచారం వస్తుంది. ఈథర్నెట్‌లో మాత్రం ఇంత తేలికగా కుదరదు. వలయాన్ని చూసుకునే ఏర్పాటు లేకపోతే అందరికీ వెళ్లే బ్రాడ్‌కాస్ట్ సందేశాలు ఆగకుండా గిరగిరా తిరుగుతూ, క్షణాల్లో నెట్‌వర్క్ మొత్తాన్ని ముంచేస్తాయి. ప్రొఫినెట్‌లో, అంటే కర్మాగార పరికరాలు ఈథర్నెట్ మీద మాట్లాడుకునే ఏర్పాటులో, దీన్ని చూసుకునే పద్ధతి ఎంఆర్‌పీ (మీడియా రిడండెన్సీ ప్రోటోకాల్). ఐఈసీ 62439-2 ప్రమాణం దీన్ని నిర్వచించింది.

వలయంలో ఒక పరికరం మేనేజర్, మిగతావన్నీ క్లయింట్లు. అన్నీ బాగున్నప్పుడు మేనేజర్ తన రెండు రింగ్ పోర్టుల్లో ఒకదాన్ని మామూలు సమాచారానికి మూసి ఉంచుతుంది. చూడటానికి వలయమే అయినా, సమాచారం దృష్టిలో అది వరుసే. మేనేజర్ 20 మిల్లీసెకన్లకు ఒకసారి రెండు వైపులా పరీక్ష సందేశాలు పంపి, అవి చుట్టూ తిరిగి తన దగ్గరికి వస్తున్నాయో లేదో గమనిస్తుంది. వరుసగా మూడు రాకపోయినా, లింక్ పోయిందని ఏదైనా క్లయింట్ ముందే చెప్పినా, మూసిన పోర్టును తెరిచి, పాత దారులు మరచిపొమ్మని అన్ని స్విచ్‌లకూ (కేబుళ్ల మధ్య సందేశాలను దారి మళ్లించే పెట్టెలకు) చెబుతుంది. సాధారణ అమరికలో ఇదంతా గరిష్ఠంగా 50 పరికరాల వలయంలో 200 మిల్లీసెకన్లలో పూర్తవుతుంది. ఈ 200 అనే అంకెను గుర్తుంచుకోండి. తర్వాత చేసే లెక్కలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

మొదటి పని: ఎంతసేపు ఆగగలరో తేల్చుకోండి

ఏ పరికరమూ కొనకముందే ప్రాసెస్ ఇంజినీరుతో కూర్చుని ఒక్క ప్రశ్న అడగండి: సమాచారం ఎంతసేపు రాకపోతే నష్టం మొదలవుతుంది? బెల్టు సెకనుకు 2 మీటర్ల వేగంతో నడుస్తుంటే 200 మిల్లీసెకన్లలో 40 సెంటీమీటర్లు కదులుతుంది. ఆ కాసేపు అవుట్‌పుట్‌లు చివరి విలువతోనే కొనసాగుతాయి. కన్వేయర్‌కు ఇది ఏమాత్రం ఇబ్బంది కాదు. పంపులకు, ఫ్యాన్లకు, బట్టీ ఉష్ణోగ్రతలకు అసలు లెక్కలోకే రాదు.

ఒకదానితో ఒకటి తాళం తప్పకుండా నడవాల్సిన సర్వో డ్రైవ్‌ల సంగతి వేరు. అవి ఐఆర్‌టీ అనే, సందేశాలకు ముందే సమయం కేటాయించే ప్రొఫినెట్ పద్ధతిలో నడుస్తాయి, ఐఆర్‌టీకీ మామూలు ఎంఆర్‌పీకీ పొసగదు. అక్కడ ఎంఆర్‌పీడీ అనే మరో రకం కావాలి. అందులో ప్రతి సందేశం రెండు వైపుల నుంచీ ఒకేసారి వెళ్తుంది కాబట్టి తెగిన క్షణంలోనూ ఖాళీ ఏర్పడదు.

విద్యుత్ సబ్‌స్టేషన్ల రక్షణ పరికరాల్లాంటి చోట ఒక్క సందేశం కూడా పోకూడదు. అక్కడ పీఆర్‌పీ అనే పద్ధతి వాడతారు. పూర్తిగా వేర్వేరైన రెండు నెట్‌వర్క్‌లు ఉంటాయి, ప్రతి సందేశం రెండింటిలోనూ వెళ్తుంది, ముందు చేరినదాన్ని తీసుకుని రెండోదాన్ని వదిలేస్తారు. సందేశానికి 6 బైట్ల తోక అదనంగా చేరుతుంది కాబట్టి దాన్ని మోయగల స్విచ్‌లు కావాలి. ఆ రెండు నెట్‌వర్క్‌లను పొరపాటున కూడా ఒకదానితో ఒకటి కలపకూడదు. ప్రొఫినెట్‌కు బదులు ఈథర్‌నెట్/ఐపీ వాడే కర్మాగారాల్లో డీఎల్ఆర్ అనే వలయం ఉంటుంది. అది 50 పరికరాల దాకా 3 మిల్లీసెకన్లలోపే కోలుకుంటుంది.

మన కన్వేయర్‌కు ఎంఆర్‌పీ చాలు. అవసరానికి మించిన వేగం కొంటే అదనపు సంక్లిష్టత కూడా వెంట వస్తుంది. రాత్రి రెండు గంటలకు దాన్ని సరిచేయాల్సింది షిఫ్టులో ఉన్న కొత్త టెక్నీషియన్ అని మరువవద్దు.

రెండో పని: రెండో దారిని నిజంగా వేరు దారిలో నడపండి

వలయంలో వెళ్లే కేబుల్, తిరిగి వచ్చే కేబుల్ ఒకే ట్రేలో పక్కపక్కనే పడుకుని ఉంటే అది కాగితం మీది వలయం మాత్రమే. ఆ ట్రే కింద వెల్డింగ్ నిప్పురవ్వ పడితే రెండూ కలిసే కాలుతాయి. ట్రెంచ్‌లో ఎలుకలు చేరితే రెండింటినీ కొరుకుతాయి. వెళ్లే కేబుల్‌ను బెల్టు గ్యాలరీ వెంట తీసుకెళ్తే, తిరుగు కేబుల్‌ను రోడ్డు అవతలి పైపు ర్యాక్ మీదుగానో, భూమిలో వేరే మార్గంలోనో తీసుకురండి. కంట్రోల్ రూములోకి కూడా రెండూ వేర్వేరు గోడల నుంచి రావాలి. ఆఖరి పది మీటర్లలో రెండింటినీ ఒకే రంధ్రంలోంచి దూర్చిన చోట్లు నేను చాలా చూశాను.

రాగి కేబుల్ అయితే పోర్టుకూ పోర్టుకూ మధ్య 100 మీటర్లు దాటకూడదు. టవర్ల మధ్య దూరాలకు ఆప్టికల్ ఫైబరే సరైనది. పిడుగులకూ, భూమి పొటెన్షియల్ తేడాలకూ అది లొంగదు కాబట్టి, దూరం తక్కువైనా భవనాల మధ్య ఫైబర్‌నే ఎంచుకోండి.

కేబుల్ కన్నా ఎక్కువగా మరచిపోయేది కరెంటును. రెండు పోర్టుల స్విచ్ లోపలే ఉన్న ఐ/ఓ పరికరాలను (సెన్సర్ల, మోటార్ల సంకేతాలు చేరే మాడ్యూళ్లను) నేరుగా వలయంలో కలపవచ్చు, ఖర్చు తగ్గుతుంది. కానీ ఆ పరికరానికి 24 వోల్టుల సరఫరా పోయిన క్షణంలో వలయం అక్కడ తెగినట్టే. రెండు టవర్లలో ఒకేసారి కరెంటు పోతే వాటి మధ్య ఉన్నవన్నీ ఏకాకులు అవుతాయి. అందువల్ల నా సలహా: వలయంలో ఆరు మేనేజ్డ్ (సెట్టింగులు మార్చగలిగే) స్విచ్‌లు మాత్రమే ఉంచండి, ప్రతి చోటా ఐ/ఓ, డ్రైవ్‌లు ఆ స్విచ్ నుంచి విడివిడిగా కిందికి దిగాలి. నిర్వహణ కోసం డ్రైవ్ ప్యానెల్‌ను ఆపినా వలయం చెక్కుచెదరదు. స్విచ్‌లకు రెండు సరఫరా టెర్మినళ్లు ఉంటే ఒకటి యూపీఎస్ నుంచి, మరొకటి వేరే ఫీడర్ మీది ఎస్ఎంపీఎస్ (24 వోల్టుల సరఫరా యూనిట్) నుంచి ఇవ్వండి. ఒకే ఎస్ఎంపీఎస్ నుంచి రెండు తీగలు లాగి రెండు టెర్మినళ్లకూ బిగిస్తే ఒరిగేదేమీ లేదు.

మూడో పని: కాన్ఫిగర్ చేయండి, ఆ తర్వాతే వలయం మూయండి

ఇక్కడ క్రమం తప్పితే దెబ్బ తగులుతుంది. ఒక లింక్‌ను ఊడదీసి ఉంచి పని మొదలుపెట్టండి. కంట్రోల్ రూములోని స్విచ్‌ను మేనేజర్‌గా, మిగతా ఐదింటిని క్లయింట్లుగా నిర్ణయించండి. అన్నింటికీ ఒకే ఎంఆర్‌పీ డొమైన్ (ఏ వలయానికి చెందినదో చెప్పే గుర్తు) ఇవ్వండి. ఏ రెండు పోర్టులు రింగ్ పోర్టులో ప్రతి స్విచ్‌లోనూ స్పష్టంగా చెప్పండి, కేబుల్ కూడా సరిగ్గా ఆ పోర్టుల్లోనే ఉందని కళ్లతో చూడండి. రింగ్ పోర్టుల మీద, వలయాలను అడ్డుకునే మరో పద్ధతి అయిన ఆర్ఎస్‌టీపీ నడుస్తుంటే ఆపేయండి. ఒకే పోర్టును రెండు పద్ధతులు తెరవాలని, మూయాలని చూస్తే ఏది గెలుస్తుందో ముందే చెప్పలేం. రింగ్ పోర్టుల వేగం సెకనుకు కనీసం 100 మెగాబిట్లు, ఫుల్ డూప్లెక్స్‌గా ఉందో లేదో చూసుకోండి.

ఆరు స్విచ్‌లలోకీ కాన్ఫిగరేషన్ వెళ్లిందని నిర్ధారించుకున్న తర్వాతే ఊడదీసిన లింక్‌ను పెట్టండి. మేనేజర్ పేజీలో వలయం మూసి ఉన్నట్టు (అంటే ఎక్కడా తెగకుండా ఉన్నట్టు) చూపించాలి.

స్విచ్ మార్చేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త అవసరం. పాడైన మేనేజర్ స్థానంలో పెట్టెలోంచి తీసిన కొత్త స్విచ్‌ను నేరుగా పెట్టి రెండు కేబుళ్లూ గుచ్చితే, వలయం ఉంటుంది గానీ దానికి మేనేజర్ ఉండడు. మళ్లీ ఆ వరద మొదలవుతుంది. ముందు ఒక వైపు కేబుల్ తీసి, కాన్ఫిగరేషన్ ఎక్కించి, ఆ తర్వాత మూయాలి. కాన్ఫిగరేషన్‌ను దాచుకునే తీసివేయదగిన మెమొరీ కార్డు ఉన్న స్విచ్‌లు కొంటే ఈ పని సులువవుతుంది. పాత కార్డు తీసి కొత్తదానిలో పెడితే సరిపోతుంది.

నాలుగో పని: వాచ్‌డాగ్ లెక్క

వలయం సరిగ్గా కోలుకున్నా బెల్టు ఆగిపోయిందని ఎవరైనా చెబితే నేను మొదట చూసేది దీన్నే. ప్రొఫినెట్‌లో ప్రతి పరికరం ఒక నిర్ణీత వ్యవధిలో పీఎల్‌సీతో విలువలు మార్చుకుంటుంది. వరుసగా కొన్ని సార్లు విలువ రాకపోతే సంబంధం తెగిందని తీర్మానిస్తుంది. ఈ గడువునే వాచ్‌డాగ్ అంటారు. చాలా చోట్ల ముందుగానే పెట్టి ఉండే సంఖ్య 3. వ్యవధి 2 మిల్లీసెకన్లయితే వాచ్‌డాగ్ 6 మిల్లీసెకన్లు. వలయం కోలుకోవడానికి 200 పట్టవచ్చు. అంటే ఎంఆర్‌పీ తన పని పూర్తి చేసేలోపు పరికరం ఎప్పుడో చేతులెత్తేసి ఉంటుంది. వలయం ఉండీ లేనట్టే.

కాబట్టి వ్యవధిని అనుమతించిన తప్పుల సంఖ్యతో గుణిస్తే 200 కన్నా స్పష్టంగా ఎక్కువ రావాలి. కన్వేయర్ ఐ/ఓకు 16 మిల్లీసెకన్ల వ్యవధి ధారాళంగా సరిపోతుంది. తప్పుల సంఖ్యను 16 చేస్తే వాచ్‌డాగ్ 256 మిల్లీసెకన్లు అవుతుంది. 64 మిల్లీసెకన్ల వ్యవధిని 3తో గుణిస్తే వచ్చేది 192. చాలామంది ఇక్కడ ‘దాదాపు 200 కదా’ అని వదిలేస్తారు. వదలకండి. ఆ 8 మిల్లీసెకన్ల లోటు ఎప్పుడో ఒక రోజు బయటపడుతుంది, ఆ రోజు కారణం ఎవరికీ అంతుచిక్కదు.

బెల్టును లాగి ఆపే అత్యవసర పుల్‌కార్డుల సంకేతాలు ప్రొఫిసేఫ్ (ప్రొఫినెట్ మీద నడిచే భద్రతా పద్ధతి) ద్వారా వస్తుంటే ఇంకొక లెక్క ఉంది. భద్రతా మాడ్యూళ్లకు తమదైన పర్యవేక్షణ సమయం ఉంటుంది. సీమెన్స్ ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ టీఐఏ పోర్టల్‌లో ముందుగా ఉండే విలువ 150 మిల్లీసెకన్లు. దాన్ని అలాగే ఉంచితే, వలయం మారడానికి అంతకన్నా ఎక్కువ పట్టిన ప్రతిసారీ భద్రతా మాడ్యూల్ నిష్క్రియమై బెల్టు ఆగుతుంది, ఎవరైనా వెళ్లి రీసెట్ చేయాలి. పెంచవచ్చు. కానీ పెంచిన ప్రతి మిల్లీసెకనూ సంబంధం పోయినప్పుడు బెల్టు ఆగడానికి పట్టే సమయానికి చేరుతుంది. పుల్‌కార్డు లాగిన మనిషి చెయ్యి రోలర్‌కు ఎంత దూరంలో ఉంటుందో, ఆ లెక్క మళ్లీ చేయించి, భద్రతకు బాధ్యుడైన ఇంజినీరు సంతకం తీసుకున్నాకే మార్చండి. ఇది నెట్‌వర్క్ మనిషి ఒక్కడే తీసుకోవలసిన నిర్ణయం కాదు.

ఐదో పని: మొదటి తెగుదలను అందరికీ కనపడేలా చేయండి

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే సమయం మీకుంటే ఇది చదవండి.

కొన్నేళ్ల కిందట ఒక కర్మాగారానికి నన్ను పిలిచారు. టవర్‌లో సరఫరా ఫ్యూజు పోతే సగం కన్వేయర్లు ఆగిపోయాయి. వలయం ఉంది కదా, ఎందుకు ఆగాలి అన్నది వారి ప్రశ్న. స్విచ్ లాగ్ తెరిచి చూస్తే, యార్డు వైపు లింక్ అంతకు ఎన్నో నెలల ముందే పోయింది. ట్రెంచ్‌లో కేబుల్ తొడుగు ఎలుకలు కొరికేసి ఉంది. ఆ రోజు వలయం తన పనిని నిశ్శబ్దంగా, చక్కగా చేసింది. బెల్టు ఆగలేదు, ఎవరికీ ఏమీ తెలియలేదు. అప్పటి నుంచి వారు వలయం ఉందనుకుంటూ ఒంటి వరుస మీద నడిచారు. డిజైన్‌లో తప్పు లేదు, పరికరాల్లో తప్పు లేదు. మొదటి తెగుదలను చెప్పే గొంతు లేదు, అంతే.

ఆ గొంతును రెండు విధాలుగా ఏర్పాటు చేయండి. ఒకటి, మేనేజర్ ఇచ్చే ‘వలయం తెరుచుకుంది’ అనే డయాగ్నస్టిక్‌ను పీఎల్‌సీ ప్రోగ్రాంలో పట్టుకుని ఆపరేటర్ తెరమీద అలారంగా చూపండి. రెండు, స్విచ్‌లో ఉండే ఫాల్ట్ రిలే కాంటాక్టును దగ్గరి డిజిటల్ ఇన్‌పుట్‌కు వైరింగ్ చేయండి. అంతా బాగున్నప్పుడు మూసుకుని, లోపం వస్తే తెరుచుకునేలా వాడండి. అప్పుడు ఆ వైరు ఊడిపోయినా అలారమే వస్తుంది. రెండు సరఫరాల్లో ఒకటి పోయినా అదే కాంటాక్టు చెప్పేలా స్విచ్‌లో ఎంచుకోండి.

అలారం వాక్యం ఆపరేటర్‌కు అర్థం కావాలి. ‘ఎంఆర్‌పీ స్టేటస్ 2’ అని రాస్తే ఎవరూ కదలరు. ‘నెట్‌వర్క్ వలయం తెగింది, ఇంకొకటి తెగితే బెల్టులు ఆగుతాయి, ఇన్‌స్ట్రుమెంటేషన్ వారికి చెప్పండి’ అని రాయండి. సరిచేసేదాకా ఆ అలారం తెరమీద నుంచి పోకూడదు.

వదులుగా ఉన్న కనెక్టరు పూర్తిగా తెగిన కేబుల్ కన్నా ప్రమాదకరం. బెల్టు అదురుకు లింక్ పడుతూ లేస్తూ ఉంటే వలయం గంటకు పదిసార్లు తెరుచుకుని మూసుకుంటుంది. పడిన ప్రతిసారీ ఒక ఖాళీ వస్తుంది. అందుకే వలయం ఎన్నిసార్లు తెరుచుకుందో లెక్కించే కౌంటరు కూడా పెట్టండి. ఆ అంకె పెరుగుతుంటే ఏదో చోట బిగుతు తగ్గిందని అర్థం.

ఆరో పని: చేత్తో తెంపి చూడండి

వలయం పనిచేస్తుందని నమ్మడానికి ఒకటే మార్గం, దాన్ని తెంపడం. కమిషనింగ్ సమయంలో, బెల్టులు ఖాళీగా తిరుగుతుండగా చేయండి. ఆరు లింకులున్నాయి కాబట్టి ఆరింటినీ ఒక్కొక్కటిగా తీసి, పెట్టండి. తీసినప్పుడు ఒకసారి, తిరిగి పెట్టినప్పుడు ఒకసారి గమనించండి, ఎందుకంటే వలయం మళ్లీ మూసుకునేటప్పుడు కూడా దారులు మారతాయి. ఆ తర్వాత ప్రతి స్విచ్‌కూ కరెంటు తీసి చూడండి. అప్పుడు ఆ చోటున్న ఐ/ఓ మాత్రమే పోవాలి, మిగతా ఐదు చోట్లా ఏమీ కదలకూడదు. మేనేజర్ స్విచ్‌ను కూడా వదలకండి, అయితే పీఎల్‌సీ ఆ స్విచ్ కిందే ఉంటే అప్పుడు అన్ని చోట్లా సంబంధం పోతుంది.

సమయం కొలవడానికి ఖరీదైన సాధనం అక్కరలేదు. లినక్స్ ఉన్న ల్యాప్‌టాప్ నుంచి 10 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున దూరపు పరికరానికి పింగ్ (జవాబు అడిగే చిన్న సందేశం) పంపుతూ లింక్ తీయండి. 12 జవాబులు పోతే ఖాళీ సుమారు 120 మిల్లీసెకన్లు. ప్రతి లింకుకూ వచ్చిన అంకెను రాసుకోండి. ఒక్కచోట మాత్రం సెకన్లలో వస్తే, అక్కడ రింగ్ పోర్టు తప్పుగా పెట్టి ఉంటారు, లేదా మధ్యలో ఎంఆర్‌పీ తెలియని మామూలు స్విచ్ ఎవరో దూర్చి ఉంటారు. అలాంటి స్విచ్ పరీక్ష సందేశాలను దాటనిస్తుంది గానీ, పాత దారులు మరచిపొమ్మన్న ఆదేశాన్ని వినదు.

ఫైబర్‌కు ఇంకో పరీక్ష తప్పనిసరి. రెండు పోగుల్లో ఒక్కదాన్నే ఊడదీయండి. ఒక చివర లింక్ దీపం ఆరిపోతుంది, రెండో చివర వెలుగుతూనే ఉండవచ్చు. అటువైపు స్విచ్ తన మాట చేరుతోందనే భ్రమలో ఉంటుంది. అవతలి చివర లోపాన్ని గుర్తించే సదుపాయం స్విచ్‌లో ఉంటే దాన్ని తెరిచి ఉంచండి, ఉన్నా లేకపోయినా ఈ పరీక్ష చేసి ఏం జరుగుతుందో కళ్లారా చూడండి. నిజ జీవితంలో కనెక్టర్లు ప్రతిసారీ జంటగానే ఊడవు.

పాత ప్రొఫిబస్ ఉంటే

చాలా కర్మాగారాల్లో ప్రొఫినెట్‌కు ముందు తరమైన ప్రొఫిబస్ ఊదారంగు కేబుల్ ఇంకా నడుస్తోంది. అది వాడే విద్యుత్ ప్రమాణం ఆర్ఎస్-485 మీద రాగి తీగను వలయంగా కలపలేరు, ప్రయత్నించకండి. దాని రెండు చివర్లలోనే టెర్మినేటర్లు (సంకేతం వెనక్కి తిరగకుండా ఆపే నిరోధకాలు) ఉండాలి. అక్కడ రెండు దారులు కావాలంటే ఆప్టికల్ లింక్ మాడ్యూళ్లతో ఫైబర్ వలయం కట్టవచ్చు. లేదా రెండు మాస్టర్లు, రెండు వేర్వేరు తీగలు, ప్రతి ఐ/ఓ స్టేషన్‌లో రెండు ఇంటర్‌ఫేస్ మాడ్యూళ్లు పెట్టవచ్చు. ఒకే పోర్టున్న డ్రైవ్‌ల లాంటివాటిని రెండు తీగలకూ కలపడానికి వై-లింక్ వాడతారు. వీటన్నిటికన్నా ముందు చేయాల్సిన చవకైన పని ఒకటుంది. టెర్మినేటర్‌కు కరెంటు సాధారణంగా చివరి స్టేషన్ నుంచే వస్తుంది. ఆ స్టేషన్‌ను నిర్వహణకు ఆపితే టెర్మినేషన్ కూడా పోయి మొత్తం సెగ్మెంట్ తడబడవచ్చు. సొంత సరఫరా ఉన్న యాక్టివ్ టెర్మినేటర్‌ను చివర పెడితే ఆ చిక్కు తొలగుతుంది.

ఫౌండేషన్ ఫీల్డ్‌బస్ హెచ్1 అనే మరో రకం నెట్‌వర్క్ ఉన్నచోట సెగ్మెంట్ సమయపాలన చూసే లింక్ యాక్టివ్ షెడ్యూలర్‌కు బ్యాకప్‌గా ఏ పరికరం ఉందో, సెగ్మెంట్‌కు కరెంటు ఇచ్చే కండిషనర్లు జంటగా ఉన్నాయో లేదో చూడండి. ఆ కండిషనర్ల లోపపు కాంటాక్టును కూడా అలారానికి కలపండి.

ఏడాదికోసారి

వార్షిక షట్‌డౌన్ జాబితాలో ఈ తెంపి చూసే పరీక్షను ఒక పనిగా చేర్చించండి. ప్రతి స్విచ్ ప్యానెల్ తలుపు లోపల ఒక కాగితం అంటించండి: ఈ స్విచ్ మేనేజరా క్లయింటా, రింగ్ పోర్టులు ఏవి, ఒక్కో పోర్టు నుంచి కేబుల్ ఏ దారిలో ఏ ప్యానెల్‌కు వెళ్తుంది, చివరిసారి తెంపినప్పుడు ఎన్ని మిల్లీసెకన్లు వచ్చింది, ఎవరు పరీక్షించారు, ఏ తేదీన. మేనేజర్ ఉన్న తలుపు మీద మాత్రం ఎర్ర అక్షరాలతో ఇంకో వరుస రాయండి: ‘ఈ స్విచ్ మార్చే ముందు వలయంలో ఒక కేబుల్ తీయాలి.’